నిలువు కోత, అడ్డ కుట్టు

దోలోన్ కనుమ మూసేశారు.
మంచు. వరసకట్టి నిలిచిన లారీలు.
రాజధానిలో కడుపులోకి తొంగిచూసే సన్నని గొట్టముంది,
మా నారిన్ ఆసుపత్రికి మాత్రం
ఫోన్‌లో ఒక గొంతే దక్కింది:
"మీరే తెరవండి. ఆగితే పోతాడు."

తొక్తొసున్. గుర్రాల కాపరి. అరవై ఒకటి.
మూడు రోజులుగా తారులా నల్లటి విరేచనం,
ఎవరితోనూ అనలేదు.
ఇవాళ జీను బిగిస్తూ బిగిస్తూ
మంచు మీద కక్కుకున్నాడు.
ముందు మరిగిన తేయాకు మడ్డిలా,
తర్వాత ఎర్రగా.
గుర్రం వెనక్కి వెనక్కి అడుగులేసిందట.
కొడుకు ఆ మాటే పదిసార్లు చెప్పాడు, గుర్రం గురించే.

నేను మత్తిచ్చే నర్సుని.
చెవి దగ్గరికి వంగి అడగాల్సినవి అడిగాను.
కట్టుడు పళ్ళున్నాయా, ఎప్పుడు తిన్నావు, ఏం మందులు?
"మోకాళ్ళకి," అన్నాడు. "బజార్లో."
ఎన్ని?
గుప్పిలి తెరిచి చూపించి, మళ్ళీ మూశాడు.
రక్తపోటు డెబ్బై. కింది అంకె నాకు వినపడలేదు.
మత్తెక్కేదాకా అతని గొంతు మీద నొక్కి పట్టుకున్నాను,
లోపలిది పైకి తన్నుకు రాకుండా.

డాక్టర్ ఐజిరెక్ పొట్టి మనిషి,
బోర్లించిన ఆపిల్ పెట్టె మీద నిలబడి కోస్తుంది.
రొమ్ము ఎముక కింద నుంచి బొడ్డు దాకా ఒకే గీత.

మనిషి ఎన్నెన్ని కడుపులో పెట్టుకుంటాడు!
అప్పులు, ఆలి పోయిన ఏడాది,
అన్నదమ్ముల మీద మంట.
తెరిస్తే అవేమీ లేవు.
శనగ గింజ పట్టేంత గుంట,
గుంట అడుగున ఒక ధమని
నోరు తెరిచి,
గుండె ఏం పంపితే అది బయటికి విసురుతూ.

ఆమె వేలు పెట్టింది.
అంతే. చూపుడు వేలు.
"కుట్టను," అంది. "ఇతనిలో ఇంకేం మిగల్లేదు. ముందు నింపండి."
ఫ్రిజ్‌లో రెండే సంచులు. రెండూ అయిపోయాయి.
మిగతాది నడవాలో బెంచీ మీద కూర్చుని ఉంది,
చొక్కా చేతులు పైకి మడుచుకుని:
కొడుకు, అంబులెన్స్ డ్రైవరు,
బజార్లో మాత్రలమ్మే బురుల్కాన్.
వార్త విని దుకాణం తెరిచే వదిలేసి వచ్చింది.
అతను బతుకుతాడా అని నన్నడగలేదు.
"అడిగినన్ని ఇచ్చాను," అంది.
"మోకాళ్ళ నొప్పి అన్నాడు కదా,
అడిగినన్ని ఇచ్చాను."
నేను ఆమె సంచి తీసుకుని లోపలికి పరుగెత్తాను.
అది ఇంకా గోరువెచ్చగా ఉంది.

ఇరవై రెండు నిమిషాలు.
కిటికీ అద్దం మీద మంచు పువ్వులు,
దీపం రెండుసార్లు కొట్టుకుంది,
ఆ వేలు కదల్లేదు.
ఒకసారి "ముక్కు దురదగా ఉంది" అంది,
నేను మాస్కు మీద గోకాను.
పైఅంకె తొంభై దాటాక
పైన ఒకటి, కింద ఒకటి, పక్కన ఒకటి
కుట్లు వేసి, వేలు తీసింది.
ఎవరమూ ఊపిరి తీయలేదు.
గుంట పొడిగా ఉంది.

నిలువుగా కోసిన దారిని అడ్డంగా కుడితేనే
రేపు అన్నం దిగడానికి చోటుంటుందట.
ఇన్నేళ్ళుగా చూస్తున్నా
ఆ మలుపు నాకు ప్రతిసారీ కొత్తే.

తెల్లారాక నడవాలో
డాక్టర్ కోటు గుండీలు పెట్టుకోబోయింది.
చూపుడు వేలు వంగలేదు. తిమ్మిరెక్కి,
ఎవరినో చూపిస్తున్నట్టు నిటారుగా ఉండిపోయింది.
మోచేతి మడతలో దూదితో ఇంకా అక్కడే కూర్చున్న బురుల్కాన్
ఆ వేలికేసి కాసేపు చూసింది.
తర్వాత లేచి వచ్చి,
ఒక్కొక్క గుండీ,
కింది నుంచి పైదాకా,
తనే పెట్టింది.